ఆఫీసు గుమ్మంలో అడవి

కాస్త పెద్ద ఊళ్ళో ఏ కొత్త ఆఫీసు భవనంలోకి అడుగుపెట్టినా ఇప్పుడు ముందుగా ఎదురొచ్చేది మనిషి కాదు, చెట్టు. అద్దాల తలుపు దానంతటదే తెరుచుకుంటుంది. చల్లగాలి మొహాన కొడుతుంది. ఎదురుగా గోడంతా పచ్చటి ఆకులు. వాటి పక్కనించి సన్నగా జారే నీళ్ళు, కింద నున్నటి గులకరాళ్ళు, మూల ఒక వెదురు పొద. రిసెప్షను బల్ల సైతం ఏ అడవిలోంచో మొద్దు కోసుకొచ్చి పెట్టినట్టుంటుంది. ఆ హాలుని లాబీ అంటారు. ఈ అలంకారానికి ఓ పెద్ద పేరే ఉంది లెండి, ‘బయోఫిలిక్ డిజైన్’ అని. ప్రాణమున్న వాటిమీద మనిషికి పుట్టుకతో ఉండే మమకారాన్ని ఆసరా చేసుకుని గదులు అమర్చటమట.

చూడటానికి హాయిగా ఉంటుంది, కాదనను. కానీ నాకు మాత్రం వెంటనే ఓ సందేహం వస్తుంది. ఈ చెట్టు ఎవరి కోసం పెట్టారు? పనిమీద వచ్చి పది నిమిషాలు సోఫాలో కూర్చుని పోయే పెద్దమనిషి కోసమా? లేకపోతే పొద్దున్న తొమ్మిదింటికి లిఫ్టెక్కి, సాయంత్రం దాకా నాలుగో అంతస్తులో దీపాల కింద కూర్చునే అమ్మాయి కోసమా? ఈ ప్రశ్న పట్టుకుని పుస్తకాల్లో వెనక్కి వెళితే దాదాపు రెండొందల ఏళ్ళు వెనక్కి పోవాల్సి వచ్చింది. దారిలో ఒక డాక్టరుగారు, ఒక తోటమాలి, ఒక సబ్బుల కంపెనీ, నేలకి మెరుగుపెట్టే మైనం అమ్మేవాళ్ళూ తగిలారు. సబ్బులూ నేల తుడవటాలూ మన శాఖే కదా, అందుకని కాస్త ఆగి చూశాను.

మొదట డాక్టరుగారి సంగతి. లండన్‌లో నథానియల్ వార్డ్ అని ఒకాయన ఉండేవాడు. ఆయనకి ఫెర్న్ మొక్కలంటే ప్రాణం. రాళ్ళ సందుల్లో, నీడపట్టున పెరిగే, పూలు పూయని ఆకుమొక్కలవి. పాపం, ఆయన పెరట్లో ఎన్నిసార్లు నాటినా ఊరంతా కమ్మిన బొగ్గుపొగకి చచ్చిపోయేవి. 1829లో ఆయన ఓ చిమ్మటపురుగు గూడుని తడిమట్టితో సహా సీసాలో పెట్టి మూత బిగించాడు, పురుగు ఎలా బయటికొస్తుందో చూద్దామని. పురుగు సంగతెలా ఉన్నా ఆ మట్టిలోంచి ఓ ఫెర్న్ మొలక, ఓ గడ్డిపరక తలెత్తాయి! పగలు మట్టిలోని తడి ఆవిరై అద్దానికి పట్టేది, చల్లబడ్డాక మళ్ళీ మట్టిలోకే జారేది. నీళ్ళు పొయ్యక్కర్లేదు. పొగ లోపలికి రాదు. ఇంతకాలం తను ఎందుకు ఓడిపోయాడో ఆయనకి తెలిసిపోయింది. ఆ సీసాయే పెరిగి ‘వార్డియన్ కేసు’ అనే అద్దాల పెట్టె అయింది. ఓడల మీద ఆ పెట్టెల్లో కూర్చునే మొక్కలు సముద్రాలు దాటాయి. రాబర్ట్ ఫార్చ్యూన్ అనే ఆయన చైనానించి తేయాకు మొక్కల్ని హిమాలయాల వేపు తెచ్చింది కూడా వీటిలోనే.

ఇంగ్లండు ఇల్లాళ్ళు ఈ పెట్టెని ముందుగదిలో పెట్టుకున్నారు. పొగలో మగ్గే ఊళ్ళో, కిటికీ తెరిస్తే మసి రాలే ఇంట్లో, చేతికందే పచ్చదనం అదొక్కటే. మొక్క ఇంట్లోకి రావటం అలా మొదలయింది. ఇంటి అలంకారంగా కన్నా, బయట బతకలేక లోపలికొచ్చిన ప్రాణిగా వచ్చిందని నాకనిపిస్తుంది.

ఇక తోటమాలి. ఆయన పేరు జోసెఫ్ పాక్స్‌టన్, ఓ జమీందారుగారి తోటలకి పెద్ద. దక్షిణ అమెరికానించి తెచ్చిన రాక్షసి కలువని ఇంగ్లండులో మొదటిసారి పూయించిన ఘనత ఆయనది, 1849లో. ఆ కలువాకు అంచులు పళ్ళెంలా పైకి తిరిగి ఉంటాయి, మనిషి పొడుగుని మించిన వెడల్పు. ఆకు ఎంత బరువు మోస్తుందో చూద్దామని తన కూతురు ఆనీని దాని మీద నిలబెట్టాడు. (ఆ పిల్ల తల్లి ఏమందో ఎవరూ రాయలేదు!) ఆకు మునగలేదు. ఆకుని తిరగేసి చూస్తే, నడిమధ్యనించి అంచులకి పోయే లావుపాటి ఈనెలు, వాటిని అడ్డంగా కలిపే సన్న ఈనెలు కనబడ్డాయి. ఆ పద్ధతే తన అద్దాల కప్పులకి దారి చూపించిందని పాక్స్‌టన్ తనే చెప్పుకున్నాడు. అలా కట్టిందే 1851లో లండన్ హైడ్ పార్కులో లేచిన క్రిస్టల్ పాలెస్, ప్రపంచ వస్తువుల ప్రదర్శన కోసం.

ఆ స్థలంలో పెద్ద పెద్ద ఎల్మ్ చెట్లుండేవి. కొట్టెయ్యటానికి వీల్లేదని జనం గొడవ చేశారు. దాంతో భవనం మధ్యభాగాన్ని గుండ్రటి కమానులా పైకెత్తి, ఆ చెట్లనే లోపల పెట్టి కప్పు వేశారు! చెట్లతోపాటు పిచ్చుకలూ లోపలే ఉండిపోయాయి. ఖరీదైన తివాచీలమీద అవి చేసే పని మీకు చెప్పక్కర్లేదు. వాటిని ఎలా వదిలించుకోవాలా అని మహారాణి అంతటావిడ తల పట్టుకుందని ఒక కథ ఉంది. కథ నిజమో కాదో గానీ, లోపల చెట్టు పెట్టినవాడు పిచ్చుకనీ, రాలిన ఆకునీ, వేరు తడినీ కూడా భరించాలన్న సంగతి మాత్రం మొదటి రోజే తేలిపోయింది.

ప్రదర్శనశాల ఆర్నెల్ల ముచ్చట. రోజూ పనిచేసుకునే చోట ఈ వెలుగూ ఈ గాలీ ఎప్పుడొచ్చాయి? అందుకు అమెరికాలో బఫెలో అనే ఊరికి పోవాలి. అక్కడ లార్కిన్ అని సబ్బుల కంపెనీ ఉండేది. దుకాణాలతో పనిలేకుండా పోస్టులో ఆర్డర్లు తీసుకుని సరుకు పంపేవాళ్ళు. వాళ్ళ వ్యాపార రహస్యం వింటే మీరు నవ్వుతారు - అచ్చం మన చీటీ! పదిమంది ఇల్లాళ్ళు ఓ జట్టుగా చేరతారు. నెలకి ఒక్కొక్కరు ఒక డాలరు సబ్బులు కొంటారు. నెలకొకరి చొప్పున వంతు వచ్చినవాళ్ళకి పది డాలర్ల విలువైన బహుమతి, దీపమో, కుర్చీయో, పింగాణీ సామానో. ఇరుగుపొరుగు అమ్మలక్కలు వేసుకున్న చీటీలమీద ఆ కంపెనీ ఎంత పెరిగిందంటే, వచ్చే ఉత్తరాలు విప్పి చదివి జవాబు రాయటానికే వందలమంది గుమాస్తాలు కావాల్సి వచ్చింది. వాళ్ళలో చాలామంది ఆడపిల్లలు.

వాళ్ళ కోసం 1906లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ కట్టిన ఆఫీసు పేరుకి తగ్గ ఆఫీసు. చుట్టూ రైలుపట్టాలు, ఫాక్టరీలు, మసి. కాబట్టి బయటివేపు కోటలాగా మూసేశాడు. మధ్యలో మాత్రం అయిదంతస్తుల ఎత్తున ఖాళీ వదిలి, పైన అద్దం వేశాడు. బయటి గాలిని నీటి జల్లులో కడిగి మరీ లోపలికి పంపే ఏర్పాటు. చుట్టూ బాల్కనీల్లో పచ్చటి మొక్కలు. నాకు నచ్చిందేమిటంటే, వెలుగు పడే ఆ నడిమి చావడిలో కూర్చున్నది ఎవరో వచ్చిపోయే అతిథులు కాదు, పనిచేసే గుమాస్తాలు. పెద్ద అధికారుల బల్లలూ అక్కడే, వాళ్ళ మధ్యనే. వెలుగుకి హోదా లేదన్నమాట! సుఖం మాత్రం సంపూర్ణం కాదు సుమండీ. కుర్చీలు బల్లలకే బిగించి ఉండేవి, ఇటు తిరగాలన్నా అటు తిరగాలన్నా బల్ల అనుమతి కావాలి. పైగా అందరూ అందరికీ కనబడుతుంటారు. చావడి మధ్యలో కూర్చోటం గాలికి మంచిదే గానీ, కాసేపు తల వాల్చుకుందామంటే కుదరదు.

చీటీల కాలం పోయింది, కంపెనీ చితికింది. 1950లో ఆ భవనాన్ని పడగొట్టేశారు.

అంతకు ముందే రైట్ అదే ఊహని ఇంకో చోట ఇంకా అందంగా తీర్చాడు. అమెరికాలోనే రసీన్ అని ఓ చిన్న ఊరుంది. అక్కడి జాన్సన్ కంపెనీ మొదట చెక్కనేలలు అమ్మేది. కొన్నవాళ్ళందరూ ‘నేల మెరుపు పోకుండా ఏం రాయాలండీ?’ అని అడుగుతుంటే మైనం చేసి అమ్మటం మొదలుపెట్టారు, చివరికి చెక్కని మైనమే మింగేసింది. ఆ ఇంటి మనవడు 1936లో రైట్‌కి కొత్త ఆఫీసు కట్టమని అప్పగించాడు. రైట్‌కి అప్పటికి దాదాపు 70 ఏళ్ళు. యాదృచ్ఛికమే గానీ, లండన్‌లో క్రిస్టల్ పాలెస్ కాలి బూడిదయింది కూడా అదే ఏడాది.

రసీన్‌లోనూ చుట్టూ చూడదగ్గదేమీ లేదు. అందుకని మళ్ళీ ఎర్ర ఇటుకల గోడ కట్టి మూసేసి, చూడదగ్గదేదో లోపలే పుట్టించాడు. కారు దిగి లోపలికి వెళ్ళే దారి పొట్టి కప్పుతో, మసకగా ఉంటుంది. తల వంచుకోవాలేమో అనిపించే ఆ దారి దాటి లాబీలోకి వచ్చేసరికి ఒక్కసారిగా మూడంతస్తుల ఎత్తు, పైనించి వెలుతురు. దాని వెనకాల దాదాపు అర ఎకరం హాలు. ఆ హాలు నిండా స్తంభాలు. అవి మామూలు స్తంభాలు కావు. నేల దగ్గర 9 అంగుళాల లావు, పైకి పోయేకొద్దీ కొంచెం కొంచెంగా వెడల్పయి, చిట్టచివర 18 అడుగుల పైచిలుకు గుండ్రటి కలువాకు. ఆకుకీ ఆకుకీ మధ్య ఖాళీల్లో గాజుగొట్టాలు పేర్చాడు. వెలుగు వాటిలోంచి వడకట్టుకుని దిగుతుంది. కింద కూర్చున్నవాళ్ళకి చెరువు అడుగునించి పైకి చూస్తున్నట్టుంటుంది. స్తంభంలో భాగాలకి కూడా ఆయన పువ్వులో భాగాల పేర్లే పెట్టాడు, కాడ అనీ, పుష్పకోశం అనీ, రేకు అనీ.

ప్రభుత్వ ఇంజనీర్లు ఒప్పుకోలేదు. అంత సన్నటి కాడ అంత కప్పుని మోయదు, కనీసం దీనికి మూడింతల లావు ఉండాలన్నారు. 1937 జూన్‌లో అందరి ఎదుటా పరీక్ష. ఒక్క స్తంభాన్ని కట్టి దాని తలమీద ఇసుక బస్తాలూ ఇనుప దిమ్మలూ పేర్చారు. కావాల్సింది 12 టన్నులు మోయటం. 12 దాటింది, 20, 30... చూస్తున్నవాళ్ళకే కాళ్ళు లాగుతున్నాయి గానీ స్తంభం మాత్రం కదలలేదు. 60 టన్నులయ్యాక ఇంక పైన పెట్టటానికి చోటు లేక, వాళ్ళే లాగి పడగొట్టారు. రహస్యం లావులో లేదు. లోపల డొల్లగా ఉంచి, చుట్టూ ఉక్కు జాలీ అల్లి కాంక్రీటు పొయ్యటంలో ఉంది. పాక్స్‌టన్ కలువాకు ఈనెల్లో చూసింది ఇదే, సన్నదనాన్ని అల్లికతో గట్టి చెయ్యటం. బుట్ట అల్లే మేదరి వాళ్ళకి ఈ సంగతి మొదట్నించీ తెలుసు.

1939లో ఆఫీసు తెరిచారు. పత్రికలన్నీ ఫోటోలు వేశాయి. ఆ ఫోటోల్లో కలువాకుల కింద బారులుతీరి కూర్చున్నది మళ్ళీ టైపిస్టమ్మాయిలే. అందం అలా ఉండగా, వానొస్తే గాజుగొట్టాల సందుల్లోంచి నీళ్ళు కారేవి. మొత్తం 43 మైళ్ళ పొడుగు గొట్టాలు, ఎన్ని అతుకులుంటాయో లెక్కేసుకోండి! తర్వాత కప్పుమీది గాజుకి బదులు వేరే పదార్థం వాడక తప్పలేదు. ఆ అమ్మాయిల కోసం రైట్ చేయించిన కుర్చీకి మూడే కాళ్ళు. వీపు నిటారుగా పెట్టి, రెండు పాదాలూ నేలకి ఆనించి కూర్చోకపోతే కుర్చీ తిరగబడుతుంది. ఆడపిల్లలకి కూర్చోటం నేర్పించాలని కాబోలు! చివరికి ఆయనే ఒకసారి కూర్చుని కింద పడ్డాకనే నాలుగో కాలుకి ఒప్పుకున్నాడని చెప్పుకుంటారు. మేధావులకి కూడా నడుమొకటి ఉంటుందని నాకు భలే సంతోషం వేసింది.

నవ్వుతున్నానంటే కారణముంది. నేనూ ముప్ఫయ్యేళ్ళు టైపు మిషను ముందూ, తర్వాత కంప్యూటరు ముందూ కూర్చున్నదాన్నే. మా ఆఫీసు పేరు ఎందుకు లెండి. ఓ ఏడాది లాబీకి కొత్త సొబగులు చేయించారు. తొట్ల నిండా ప్లాస్టిక్కు ఫెర్న్‌లు, గోడకి ప్లాస్టిక్కు తీగ, తీగకి ప్లాస్టిక్కు మల్లెలు. ఊడ్చే అప్పలమ్మకి వారానికోసారి ఆ ఆకులన్నీ తడిబట్టతో ఒక్కొక్కటే తుడిచే కొత్త పని పడింది. “నీళ్ళు పోసినా అది పెరగదు, నేను తుడవకపోతే బతకదు. ఇదేం చెట్టమ్మా?” అనేది. పైన మేం కూర్చునే గదికి ఒకటే కిటికీ, దానికి అడ్డంగా ఫైళ్ళ బీరువా. ఓసారి మేమంతా కలిసి ఆ బీరువా జరపమని అర్జీ పెట్టాం. జరపలేదు. లాబీకి మాత్రం మరో రెండు తొట్లొచ్చాయి.

ఇలాంటి చోట కూర్చున్నదాన్ని కాబట్టేనేమో, న్యూయార్కులో ఫోర్డ్ ఫౌండేషన్ వారి భవనం కథ చదివినప్పుడు నాకు నమ్మబుద్ధి కాలేదు. 42వ వీధి అంటే ఆ ఊళ్ళో అడుగు స్థలం బంగారం. అలాంటి చోట 1967లో పన్నెండంతస్తుల ఆఫీసు కట్టి, ఆఫీసు గదుల్ని రెండు పక్కలకే సర్ది, మిగిలిందంతా నేలనించి కప్పుదాకా ఖాళీగా వదిలి, అద్దాలు బిగించి, అందులో ఎకరంలో మూడోవంతు తోట వేశారు. ఆ ఖాళీని గదులుగా కట్టి అద్దెకిస్తే ఎంతొచ్చేదో! కట్టినవాళ్ళు కెవిన్ రోష్, జాన్ డింకెలూ. తోట వేసింది డాన్ కైలీ. ఆఫీసుల్లో అమెరికా అంతకుముందు ఇంత పెద్ద లోపలితోట ఎరగదు.

ఈ భవనంలో కిటికీ తెరిస్తే వీధి కాదు, తోట. జరిపే అద్దాలు, నిజంగానే జరిపి తోట గాలి పీల్చుకోవచ్చు. తలెత్తితే తోటకి అవతల ఇంకో అంతస్తులో ఇంకొకరు పనిచేసుకుంటూ కనబడతారు. అదే రోష్ కోరుకున్నది. ఒకే చోట పనిచేసేవాళ్ళు లిఫ్టులో తప్ప ఒకరికొకరు కనబడకపోవటం ఏం బావుందని ఆయన వాదన. కిందనేమో వీధిలో పోయే ఎవరైనా తలుపు తోసుకుని వచ్చి చెట్టుకింద నిలబడొచ్చు. అంటే నేను మొదట్లో అడిగిన ప్రశ్నకి ఇక్కడ జవాబు ‘ఇద్దరి కోసమూ’ అని. కప్పుమీద పడ్డ వాననీళ్ళూ, ఆవిరి గొట్టాల్లో చల్లబడ్డ నీళ్ళూ పట్టి తోటకి పెట్టేవారు. భవనాల మీద విమర్శలు రాయటంలో పేరుమోసిన ఎడా లూయిస్ హక్స్‌టబుల్ అనే ఆవిడ న్యూయార్క్ టైమ్స్‌లో దీన్ని మెచ్చుకుంటూ రాసింది. ఆవిడ ఊరికే మెచ్చుకునే మనిషి కాదు.

అయితే చెట్లకి విమర్శకుల మాటలతో పనిలేదు. కైలీ మాగ్నోలియా, యూకలిప్టస్, జకరండా లాంటివి నాటాడు, బయటి అడవిని ఉన్నదున్నట్టు లోపలికి తెద్దామని. చాలా చెట్లు నిలవలేదు. కారణం మన పెరటి మొక్కలకీ పనికొచ్చేదే కాబట్టి చెప్తాను. మిట్టమధ్యాహ్నం ఆరుబయట వెలుగు లక్ష లక్స్‌ల దాకా ఉంటుంది. ఆఫీసు బల్లమీద మన కంటికి బ్రహ్మాండంగా ఉన్న వెలుగు మూడొందలో అయిదొందలో. మన కన్ను సర్దుకుంటుంది, ఆకు సర్దుకోలేదు. దానికది పస్తు. పైగా చలిదేశపు చెట్లకి ఏడాదికోసారి చలిలో నిద్రపోవటం అలవాటు. ఏడాది పొడుగునా ఒకే వెచ్చదనంలో ఉంచితే నిద్రలేని బాలింతలా నీరసించిపోతాయి. అందుకే తర్వాత తర్వాత అడవి అడుగున నీడలో పెరిగే వేడిదేశపు మొక్కల్నీ, మన మర్రి చుట్టాలైన ఫైకస్‌లనీ తెచ్చి పెట్టారు. ఇప్పటికీ లాబీలకి చెట్లు పెంచేవాళ్ళు వాటిని ముందు నెలల తరబడి నీడపందిళ్ళలో ఉంచి, తక్కువ వెలుగుకి అలవాటు చేశాకే పంపుతారు. అత్తారింటికి పంపేముందు పిల్లకి తిండి తగ్గించినట్టు!

ఫోర్డు తోట తర్వాత ప్రతి పెద్ద హోటలుకీ, బాంకుకీ ఓ లోపలితోట కావాల్సొచ్చింది. శాస్త్రజ్ఞులూ రంగంలోకి దిగారు. 1984లో రోజర్ ఉల్రిక్ అనే ఆయన ఓ ఆస్పత్రి రికార్డులు తీసి చూశాడు. పిత్తాశయానికి ఆపరేషను అయిన రోగుల్లో 23 మందికి కిటికీలోంచి చెట్లు కనబడేవి, అలాంటివాళ్ళే ఇంకో 23 మందికి ఇటుక గోడ. చెట్లు చూసినవాళ్ళు సగటున ఎనిమిది రోజుల్లోపే ఇంటికెళితే, గోడ చూసినవాళ్ళకి దాదాపు తొమ్మిది రోజులు పట్టింది. నొప్పికి గట్టి మందులూ వీళ్ళకే ఎక్కువ కావాల్సొచ్చాయి. 1989లో నాసా వాళ్ళు మూసిన పెట్టెల్లో మొక్కలు పెట్టి, అవి గాలిలోని కొన్ని విషవాయువుల్ని తగ్గిస్తాయన్నారు. ఇక చూస్కోండి, మన మనీప్లాంటుకి వచ్చిన గౌరవం! కానీ 2019లో ఈ పరిశోధనలన్నీ తిరగేసిన ఇద్దరు శాస్త్రజ్ఞులు, మామూలు గదిలో గాలి మారే వేగాన్ని మొక్కలు అందుకోవాలంటే చదరపు మీటరుకి పదినించి వెయ్యి మొక్కలు కావాలని తేల్చారు. వెయ్యి మొక్కలు పెడితే మనం ఎక్కడ నిలబడతాం? గాలికి కిటికీయే గతి. మొక్క కంటికీ మనసుకీ.

కిటికీ అంటే గుర్తొచ్చింది. న్యూయార్కులో చలికి జడిసి తోటని అద్దాల్లో పెట్టిన ఆ ఫోర్డ్ ఫౌండేషనే మన ఢిల్లీలో లోదీ తోటల పక్కన 1968లో ఓ ఆఫీసు కట్టించుకుంది. కట్టింది జోసెఫ్ అలెన్ స్టైన్, అమెరికానించి వచ్చి ఇక్కడే స్థిరపడ్డాయన. ఆయనకి తోటని లోపల బంధించాల్సిన అవసరమే రాలేదు. భవనాన్నే తోట మధ్య నీడపట్టున కూర్చోబెట్టాడు. ఎండకి జాలీలు, వానకి వసారాలు. మన దేశంలో చెట్టుకి కప్పు అక్కర్లేదు, మనిషికే కావాలి.

ఆమాటకొస్తే కృష్ణా గోదావరి జిల్లాల మండువా లోగిళ్ళు చూసినవాళ్ళకి ఇవేవీ కొత్త కాదు. ఇంటి నడిమధ్య ఆకాశం. నాలుగు వేపుల పెంకుల మీంచి వాననీళ్ళు మండువాలోకి దూకుతుంటే, చుట్టూ వసారాలో బియ్యం ఏరుకుంటూ, పిల్లలకి తలదువ్వుతూ ఆడవాళ్ళు. హైదరాబాదు దేవిడీల్లో అయితే నడిమి వాకిట నీళ్ళ హౌజు, చుట్టూ పూలమొక్కలు. అవి అందం కోసం అట్టే పెట్టినవి కావు. వంటింటి పొగ పోవాలి, వెలుగు రావాలి, వీధిలోకి రాలేని ఆడవాళ్ళకి నాలుగ్గజాల ఆకాశం కావాలి. వీధిగుమ్మంలో కూర్చునే మగవాళ్ళ కోసం కాదు, లోపల రోజంతా పనిచేసేవాళ్ళ కోసం వదిలిన జాగా అది. హైదరాబాదులోనే 2004 జూలైలో రాష్ట్రపతి అబ్దుల్ కలాం ప్రారంభించిన గ్రీన్ బిజినెస్ సెంటరు చూడండి. అమెరికా బయట మొట్టమొదటిసారిగా అక్కడి ‘లీడ్’ లెక్కల్లో ప్లాటినం మెట్టు అందుకున్న భవనమది. దాన్ని గీసిన కరణ్ గ్రోవర్ మధ్యలో వదిలింది గుండ్రటి మండువానే. చుట్టూ ఆఫీసు గదులు, ఎండ వేపు జాలీలు, కప్పుమీద పచ్చిక. పగటిపూట చాలావరకు దీపాలు వెయ్యక్కర్లేదు. వాడిన నీళ్ళని మొక్కల వేళ్ళమధ్యనించి పంపి శుభ్రం చేసి మళ్ళీ తోటకే పెడతారు.

అమెరికాలో సియాటిల్‌లో ఓ పెద్ద కంపెనీ 2018లో మూడు గాజుగోళాలు కట్టి 40,000 మొక్కలు పెట్టింది. ఉద్యోగులు వాటి మధ్య కూర్చుని మాట్లాడుకుంటారట. నాకెందుకో వార్డు డాక్టరుగారి సీసా గుర్తొచ్చింది, సీసాలో ఈసారి మనుషులు కూడా ఉన్నారు.

ఇంతకీ ఫోర్డు తోట ఏమయిందంటారా? 1997లో న్యూయార్కు నగరం దాన్ని కాపాడవలసిన కట్టడంగా ప్రకటించింది. యాభయ్యేళ్ళ పాతబడ్డాక రెండేళ్ళపైన మూసి బాగుచేశారు. 2018లో మళ్ళీ తెరిచారు. అంతకుముందు ఆ తోట మెట్లమీద దిగి చూడాల్సిన తోట. నడవలేనివాళ్ళు పైనించే చూసి పోవాలి. ఇప్పుడు చక్రాలకుర్చీ పోయే దారులు వేశారు. ఇంకొకటి కూడా చేశారు. తోటలో ఓ పక్క చేతికందే ఎత్తులో కొన్ని మొక్కలు పెట్టారు, చూపులేనివాళ్ళు తాకి, వాసన చూసి పోల్చుకునేటట్టు. లాబీలో మొక్కల దగ్గర ‘ముట్టుకోరాదు’ అని బోర్డు పెట్టని ఆఫీసు అదొకటుంది.